క్లయింట్ కోసం ఓపెన్ సోర్స్ థీమ్ మార్చి ఇస్తే డబ్బులు తీసుకోవచ్చా? మార్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. ఒక క్లయింట్ సైట్ చేసిపెట్టమన్నారు, మీరు వర్డ్‌ప్రెస్‌లో (సైట్లు నడిపే ప్రోగ్రామ్) ఉచితంగా దొరికే ఒక ఓపెన్ సోర్స్ థీమ్ చూసుకున్నారు, అంటే ఎవరైనా తీసుకుని మార్చుకోగలిగే, సైట్ రూపాన్ని తయారుచేసే ఫైళ్ల కట్ట, దాని రంగులు, హెడర్, హోమ్ పేజీ మార్చి ఇద్దామనుకుంటున్నారు. అలా చేసిన పనికి డబ్బులు తీసుకోవచ్చా, ఫుటర్‌లో ఉన్న థీమ్ రాసినవాళ్ల పేరు తీసేయొచ్చా, క్లయింట్ పంపిన అగ్రిమెంట్‌లో "సైట్ కోడ్ మొత్తం మీద సర్వహక్కులూ మావే" అని ఉంది కదా దానికి సంతకం పెట్టొచ్చా, మార్పులు నేరుగా థీమ్ ఫైళ్లలోనే చేసేస్తే ఏమైనా ఇబ్బందా.

సూటిగా చెప్తాను. డబ్బులు తీసుకోవచ్చు, ఏ సంకోచమూ అక్కర్లేదు. ఫుటర్‌లో పేరు చాలా థీమ్‌లలో తీసేయొచ్చు, కాకపోతే లైసెన్స్ చదివాక. అగ్రిమెంట్‌లో ఆ వాక్యం మార్పించకుండా మాత్రం సంతకం పెట్టకండి. ఇక థీమ్ ఫైళ్లను నేరుగా ముట్టుకోవడం ఉంది చూశారూ, ఈ నాలుగింటిలో మీకు నిజంగా నిద్ర లేకుండా చేసేది అదే.

నేను లాయర్‌ని కాదు, పదమూడేళ్లుగా వేరేవాళ్లు రాసిన థీమ్‌లు మార్చి ఇస్తూ బతుకుతున్నవాణ్ణి. ఇందులో లైసెన్సుల గురించి చెప్పేది ఆ అనుభవంతో చెప్పేదే, పెద్ద కాంట్రాక్ట్ అయితే ఒకసారి తెలిసినవాళ్లకు చూపించుకోండి.

ఈ పనిలో మీరు అమ్మేది థీమ్ కాదు. థీమ్ క్లయింట్‌కి కూడా ఉచితంగానే దొరుకుతుంది. మీరు అమ్మేది దాని మీద మీరు వేసిన పొర. ఆ పొర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఎవరు ఎప్పుడు అడిగినా వేలు పెట్టి చూపించగలగాలి. చూపించగలిగితే లైసెన్స్ గొడవ ఉండదు, అగ్రిమెంట్ రాయడం తేలిక, అప్‌డేట్ వస్తే టెన్షన్ ఉండదు, బిల్లు ఇంతెందుకు అంటే జవాబు ఉంటుంది. థీమూ మీ మార్పులూ కలిసి ముద్దయిపోయాయా, ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి.

డబ్బుల సంగతి ముందు తేల్చేద్దాం. ఓపెన్ సోర్స్ అంటే ఊరికే చేసిపెట్టాలని ఎక్కడా లేదు. వర్డ్‌ప్రెస్ లైసెన్స్ జీపీఎల్ (వాడుకునే, మార్చుకునే, పంచుకునే హక్కులు ఇచ్చి, అవే హక్కులు ముందువాళ్లకీ ఇవ్వమనే లైసెన్స్) రెండో వెర్షన్ లేదా ఆ తర్వాతది, వర్డ్‌ప్రెస్ అధికారిక డైరెక్టరీలో ఉన్న థీమ్‌లన్నీ దానికి సరిపడే లైసెన్స్‌లోనే ఉండాలి. జీపీఎల్ అమ్మకాన్ని ఆపదు, కొన్నవాళ్ల స్వేచ్ఛను మీరు ఆపడాన్ని ఆపుతుంది. అంతెందుకు, 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్సే బీ2 కెఫెలాగ్ అనే ఇంకొకరి ప్రోగ్రామ్‌ని తీసుకుని మార్చిందే. ఇంకొకరి కోడ్ మీద కట్టుకోవడం ఇక్కడ దొంగతనం కాదు, ఈ లోకం నడిచే తీరే అది.

అయితే మార్చిన కోడ్‌ని క్లయింట్ చేతికి ఇస్తున్నారంటే లైసెన్స్ దృష్టిలో పంపిణీ చేస్తున్నట్టే. అంటే మీకు ఏ హక్కులు వచ్చాయో క్లయింట్‌కీ అవే హక్కులు వెళ్లాలి. వాళ్లు రేపు ఇంకో డెవలపర్‌తో మార్పించుకోవచ్చు, తమ రెండో కంపెనీ సైట్‌కి వాడుకోవచ్చు, కావాలంటే ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. "ఈ సైట్‌కి తప్ప వాడకూడదు" అని మీరు షరతు పెట్టలేరు. పీహెచ్‌పీ (థీమ్ కోడ్ రాసే భాష) అయితే ఇచ్చిన ఫైలే మూలం కాబట్టి సమస్య లేదు, కానీ మీరు సాస్‌లో (చివర సీఎస్ఎస్‌గా మారే రాత) స్టైల్స్ రాసి చివర కుదించిన సీఎస్ఎస్ (సైట్ రంగులు, కొలతలు చెప్పే ఫైల్) మాత్రమే ఇస్తే అది సగం ఇచ్చినట్టు. సాస్ ఫైళ్లు, జావాస్క్రిప్ట్ మూలం ఫైళ్లు కూడా ఇవ్వండి. ప్రపంచం మొత్తానికి కనిపించేలా గిట్‌హబ్‌లో (కోడ్ పంచుకునే సైట్) పెట్టాలా అని చాలామంది భయపడతారు, అక్కర్లేదు. చేతికి ఇచ్చినవాళ్లకు ఇస్తే చాలు.

చైల్డ్ థీమ్‌లో (అసలు థీమ్‌ని ముట్టుకోకుండా మన మార్పులు పెట్టుకునే వేరే ఫోల్డర్, అప్పుడు అసలు థీమ్‌ని పేరెంట్ అంటారు) నేను సొంతంగా రాసిన కోడ్ కూడా జీపీఎల్లేనా అంటే, 2009లో సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ అనే న్యాయ సంస్థ ఒక అభిప్రాయం ఇచ్చింది: థీమ్‌లోని పీహెచ్‌పీ భాగం వర్డ్‌ప్రెస్ మీద ఆధారపడి పుట్టిన కోడ్ కాబట్టి జీపీఎల్ కిందకి వస్తుంది, సీఎస్ఎస్, బొమ్మలు రావాల్సిన పని లేదు అని. అది కోర్టు తీర్పు కాదు, అయినా వర్డ్‌ప్రెస్ వాళ్లు పాటించేది దాన్నే. నేనైతే అంత తర్కం పెట్టుకోకుండా నేను రాసిన కోడ్ మొత్తం జీపీఎల్ అని రాసి ఇచ్చేస్తాను. నా సీఎస్ఎస్ ఎవరో ఎత్తుకెళ్తే నాకు పోయేదేం లేదు.

వర్డ్‌ప్రెస్ కాకుండా హ్యూగో, జెకిల్, ఘోస్ట్ లాంటి వేరే సైట్ ప్రోగ్రామ్‌లు అయితే థీమ్‌లు ఎక్కువగా ఎంఐటీ లైసెన్స్‌లో ఉంటాయి. అది ఇంకా వదులు, కాపీరైట్ నోటీసూ అనుమతి పాఠమూ కోడ్‌తో పాటు ఉంచితే చాలు. అపాచీ 2.0 అయితే మార్చిన ఫైళ్లలో మార్చామని రాయాలి, నోటీస్ ఫైల్ ఉంటే దాన్ని తీయకూడదు. జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్సుల్లో ఎన్‌సీ అని కనిపిస్తే అది వాణిజ్యానికి కాదని, డబ్బులిచ్చే క్లయింట్ పనికి దాన్ని దూరం పెట్టేయండి. ఎన్‌డీ అని ఉంటే మార్చింది పంచకూడదని, అదీ మనకు పనికిరాదు. ఇక గిట్‌హబ్‌లో థీమ్ కనిపిస్తోంది కానీ లైసెన్స్ ఫైలే లేదనుకోండి, అది ఉచితం అని అర్థం కాదు, మీకు ఏ అనుమతీ లేదని అర్థం. ఈ పొరపాటు అనుభవం ఉన్నవాళ్లు కూడా చేస్తారు. రాసినవాళ్లకి ఒక మెయిల్ పెట్టి అడగండి, ఒక సాయంత్రంలో లైసెన్స్ ఫైల్ పెట్టేసినవాళ్లు ఉన్నారు, అసలు జవాబే ఇవ్వనివాళ్లూ ఉన్నారు. జవాబు రాకపోతే వేరే థీమ్ చూసుకోవడమే.

ఫుటర్‌లో పేరు దగ్గరికి వద్దాం. జీపీఎల్ థీమ్‌లలో సైట్ చూసేవాళ్లకు కనిపించే ఆ "ఫలానా వాళ్ల థీమ్" లింక్ సాధారణంగా లైసెన్స్ షరతు కాదు, మర్యాద మాత్రమే. తీసేయొచ్చు. తీయకూడనిది కోడ్ ఫైళ్ల పైన కామెంట్లలో ఉండే కాపీరైట్ వరస. జీపీఎల్ మూడో వెర్షన్‌లో మాత్రం పేరు నిలిపి ఉంచమని అదనపు షరతు పెట్టుకునే వీలుంది కాబట్టి రీడ్‌మీ ఒకసారి తిరగేయండి. క్రియేటివ్ కామన్స్ బై (రాసినవాళ్ల పేరు చెప్పమనే) లైసెన్స్ అయితే కథ మారిపోతుంది, హెచ్‌టీఎంఎల్5 అప్ అనే సైట్‌లోని అందమైన టెంప్లేట్లన్నీ ఆ లైసెన్స్‌వే, అక్కడ పేరు ఉంచడం షరతే. క్లయింట్ తన సైట్‌లో ఇంకెవరి పేరూ ఉండకూడదంటే ఆ టెంప్లేట్ వాడకూడదు, అంతే. దీన్ని పని మొదలుపెట్టే ముందే చెప్పాలి, సైట్ లైవ్ అయ్యే ముందు రోజు కాదు.

(ఇంకో రకం ఉంటుంది. ఫుటర్ లింక్ తీస్తే సైట్ మొత్తం తెల్లగా అయిపోయేలా కోడ్‌ని గజిబిజి అక్షరాల్లో దాచిపెట్టిన థీమ్‌లు. అలాంటిది తగిలితే లింక్ తీయడం ఎలా అని ఆలోచించకండి, థీమే తీసేయండి. లింక్ దాచినవాడు ఇంకేం దాచాడో ఎవరికి తెలుసు.)

అగ్రిమెంట్. ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. మొదట్లో ఒక మధ్యస్థాయి కంపెనీకి సైట్ చేశాను, వాళ్ల లాయర్ పంపిన కాగితంలో "అందజేసిన కోడ్ అంతా డెవలపర్ సొంతంగా రాసినదని, దాని మీద సంపూర్ణ హక్కులు కంపెనీకి బదిలీ చేస్తున్నాడని" ఉంది. నేను చదవకుండా సంతకం పెట్టాను. ఏడాదిన్నర తర్వాత ఆ కంపెనీని ఇంకెవరో కొంటూ కోడ్ ఆడిట్ చేయించారు, మొదటి ఫైల్ మొదటి వరసలోనే వేరేవాళ్ల కాపీరైట్ కనిపించింది. నాకు ఫోన్ వచ్చింది. నేను అబద్ధం చెప్పాలని చెప్పలేదు, కానీ సంతకం పెట్టిన కాగితంలో ఉన్నది అబద్ధమే. రెండు వారాలు వివరణలు రాసుకుంటూ కూర్చున్నాను, చివరికి సర్దుకుంది కానీ ఆ క్లయింట్ మళ్లీ పని ఇవ్వలేదు.

మనది కానిదాన్ని మనం బదిలీ చేయలేం. ఇప్పుడు నేను పెట్టించే వాక్యాలు దాదాపు ఇలా ఉంటాయి, మీరూ వాడుకోండి: "ఈ సైట్ ఫలానా ఓపెన్ సోర్స్ థీమ్ మీద, ఫలానా వెర్షన్ మీద తయారవుతుంది. ఆ థీమ్, అందులోని లైబ్రరీలు వాటి వాటి లైసెన్సుల ప్రకారమే క్లయింట్‌కి అందుతాయి. ఈ పని కోసం డెవలపర్ ప్రత్యేకంగా చేసిన డిజైన్, లోగోకి సంబంధించిన బొమ్మలు, రాసిన మాటల మీద హక్కులు పూర్తి చెల్లింపు అందాక క్లయింట్‌వి. డెవలపర్ రాసిన కోడ్ జీపీఎల్ కింద అందుతుంది." దీనికి అభ్యంతరం చెప్పిన క్లయింట్ నాకు ఇంతవరకు ఒక్కరే తగిలారు, వాళ్లకీ విడమరిచి చెప్తే ఒప్పుకున్నారు. నిజానికి వాళ్లు భయపడేది హక్కుల గురించి కాదు, రేపు ఈ డెవలపర్ మాయమైతే మా సైట్ మా చేతిలో ఉంటుందా అని. జీపీఎల్ ఆ భయానికే మందు, అలా చెప్పి చూడండి.

"మరి ఉచిత థీమ్ అని చెప్తే తక్కువ ఇస్తారేమో" అని మీరు రాశారు. దాచితే ఎన్నాళ్లు దాగుతుంది? బ్రౌజర్‌లో సోర్స్ తెరిస్తే ఫోల్డర్ పేరు కనిపిస్తుంది, వాళ్ల బంధువులబ్బాయి ఒకడు చూసి చెప్తాడు, ఆ రోజు నుంచి మీరు చేసిన ప్రతి పనీ అనుమానమే. ముందే చెప్పండి, కాకపోతే ఇలా చెప్పండి: గోడలు, పైకప్పు సిద్ధంగా ఉన్నాయి, చాలామంది వాడి తప్పులు దిద్దిన కోడ్ అది, మీ డబ్బు మొత్తం మీ సైట్‌కి కావాల్సినదాని మీదే ఖర్చవుతుంది. నేను ఇలా చెప్పడం మొదలుపెట్టాక బేరాలు తగ్గాయి.

లైసెన్స్ అంటే కోడ్‌కే అనుకుంటారు చాలామంది, డెమోలో కనిపించే ఫొటోలు వేరే సంగతి. థీమ్ పేజీలో అందమైన ఫొటోలు చూసి క్లయింట్ మనసు పారేసుకుంటారు, అవి చాలాసార్లు థీమ్‌తో పాటు రావు, వచ్చినా వాటి లైసెన్స్ వేరుగా ఉంటుంది. నా క్లయింట్ ఒకరు డెమో సైట్ నుంచి ఒక ఫొటోని సేవ్ చేసుకుని తనే పెట్టేసుకున్నారు, కొన్ని నెలలకు ఒక ఫొటో ఏజెన్సీ నుంచి డబ్బు కట్టమని ఉత్తరం వచ్చింది. అది నా తప్పు కాకపోయినా ఫోన్ నాకే వచ్చింది. అప్పటి నుంచి సైట్‌లో వాడిన ప్రతి ఫొటో, ఫాంట్, ఐకాన్ ఎక్కడి నుంచి వచ్చింది, ఏ లైసెన్స్ అని ఒక చిన్న ఫైల్ రాసి ఇస్తున్నాను. ఫాంట్ ఆసమ్ ఉచిత ఐకాన్లు క్రియేటివ్ కామన్స్ బై 4.0, గూగుల్ ఫాంట్స్‌లో ఎక్కువ భాగం సిల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్, ఇలా. ఫాంట్ ఫైళ్లను గూగుల్ సర్వర్ నుంచి లాక్కోకుండా సైట్‌లోనే పెట్టేయడం నా అలవాటు. 2022 జనవరిలో మ్యూనిక్ కోర్టు ఒకటి, సందర్శకుడి ఐపీ అడ్రస్ అలా అనుమతి లేకుండా గూగుల్‌కి వెళ్లడం తప్పని తీర్పు ఇచ్చింది. యూరప్ నుంచి సైట్ చూసేవాళ్లుంటే ఇది పట్టించుకోవాలి, లేకపోయినా పోయేదేమీ లేదు.

ఇప్పుడు అసలు పని. థీమ్ ఫోల్డర్‌లో ఒక్క అక్షరం కూడా మార్చకండి, మొదటి రోజే చైల్డ్ థీమ్ పెట్టుకోండి. కారణం మీరు వినే ఉంటారు, అప్‌డేట్ వస్తే ఆ ఫోల్డర్ మొత్తం కొత్తదానితో మారిపోతుంది, మీ మార్పులు మిగలవు. నేను విని కూడా నమ్మలేదు. నా రెండో క్లయింట్ సైట్‌లో హెడర్ ఫైల్, ఫుటర్ ఫైల్, స్టైల్ ఫైల్ అన్నీ నేరుగా మార్చేశాను, "అప్‌డేట్ చేయొద్దు" అని క్లయింట్‌కి చెప్పాను. డ్యాష్‌బోర్డ్‌లో ఎర్రటి అంకె కనిపిస్తుంటే ఎవరైనా ఎన్నాళ్లు నొక్కకుండా ఉంటారు? ఒక రాత్రి నొక్కేశారు. పొద్దున్నే ఫోన్: "మా సైట్ ఎవరిదో సైట్‌లా ఉంది." హోస్టింగ్ బ్యాకప్ ఆరు రోజుల పాతది, మధ్యలో చేసిన పని మళ్లీ చేశాను, డబ్బులు అడగలేకపోయాను. వర్డ్‌ప్రెస్ 5.5 నుంచి థీమ్‌లకు ఆటో అప్‌డేట్ కూడా పెట్టుకోవచ్చు, కాబట్టి ఇప్పుడు నొక్కే మనిషి కూడా అక్కర్లేదు. పోనీ అప్‌డేట్లు ఆపేద్దామంటే, భద్రతా లోపం ఏదో ఒక రోజు బయటపడుతుంది, అది ఇంకా పెద్ద తలనొప్పి.

చైల్డ్ థీమ్ చేయడం పెద్ద పనేం కాదు. కొత్త ఫోల్డర్, అందులో స్టైల్.సీఎస్ఎస్ ఫైల్, దాని పైన కామెంట్‌లో థీమ్ పేరు, 'టెంప్లేట్' అనే వరసలో పేరెంట్ ఫోల్డర్ పేరు ఉన్నది ఉన్నట్టు, అంతే. తడబడేది ఆ తర్వాతే.

మొదటిది, పేరెంట్ స్టైల్‌షీట్ లోడ్ అవుతోందా లేదా. కొన్ని థీమ్‌లు చైల్డ్ ఉంటే చైల్డ్ స్టైల్ మాత్రమే లోడ్ చేస్తాయి, అప్పుడు పేరెంట్‌ది మీరు ఎన్‌క్యూ చేయాలి, అంటే దాన్నీ లోడ్ చేయమని కోడ్‌లో చెప్పాలి. కొన్ని పేరెంట్‌ది మాత్రమే చేస్తాయి, అప్పుడు మీది మీరు చేయాలి. ఇంటర్నెట్‌లో దొరికిన ముక్క అతికించేసి రెండుసార్లు లోడ్ అవుతున్న సైట్లు ఎన్నో చూశాను. పేరెంట్ ఫంక్షన్స్ ఫైల్ (థీమ్ చేసే పనుల కోడ్ ఉండే ఫైల్) తెరిచి ఒక్క నిమిషం చదివితే తెలిసిపోతుంది.

రెండోది, చైల్డ్ ఫంక్షన్స్ ఫైల్ పేరెంట్‌దాని బదులు కాదు, దాని కంటే ముందు నడుస్తుంది. టెంప్లేట్ ఫైళ్లయితే అదే పేరుతో చైల్డ్‌లో పెడితే మీది వాడుతుంది, ఫంక్షన్స్ ఫైల్ అలా కాదు. అందుకే పేరెంట్ తగిలించిన హుక్‌ని (ఫలానా సమయంలో ఫలానా కోడ్ నడవాలని చెప్పే కొక్కెం) చైల్డ్‌లో రిమూవ్ యాక్షన్‌తో తీసేస్తే ఏమీ జరగదు, మీరు తీసే సమయానికి అది ఇంకా తగిలించనే లేదు కదా. థీమ్ సెటప్ అయ్యాక నడిచే హుక్ లోపల పెట్టి తీయాలి, పేరెంట్ ఏ ప్రయారిటీ అంకె ఇచ్చిందో అదే అంకె ఇవ్వాలి. ఈ ఒక్క ముక్క తెలియక నేను ఒక రాత్రంతా కూర్చున్నాను.

మూడోది, "మొదటి రోజే" అని ఎందుకు నొక్కి చెప్పానంటే, కస్టమైజర్‌లో (డ్యాష్‌బోర్డ్‌లో థీమ్ సెట్టింగులు మార్చే చోటు) పెట్టే రంగులు, హెడర్ సెట్టింగులు, అక్కడి అదనపు సీఎస్ఎస్ ఇవన్నీ థీమ్ పేరు మీద డేటాబేస్‌లో దాచుకుంటుంది. వారం రోజులు పేరెంట్ మీద పని చేసి తర్వాత చైల్డ్‌కి మారితే ఆ సెట్టింగులన్నీ పోయినట్టు కనిపిస్తాయి. పోవు, పాత పేరు కింద ఉంటాయి, కానీ క్లయింట్ ముందు డెమో ఇస్తూ మారిస్తే మొహం పాలిపోతుంది.

టెంప్లేట్ ఫైల్ మొత్తం కాపీ చేసి మార్చడం ఆఖరి మార్గంగా పెట్టుకోండి. హుక్‌తో అయ్యేది హుక్‌తో, సీఎస్ఎస్‌తో అయ్యేది సీఎస్ఎస్‌తో. ఎందుకంటే కాపీ చేసిన రోజు నుంచి ఆ ఫైల్‌కి పేరెంట్‌లో వచ్చే దిద్దుబాట్లు మీకు అందవు, ఆ ఫైల్ బాధ్యత మీదే. వూకామర్స్ (ఆన్‌లైన్ దుకాణం నడిపే ప్లగిన్) వాడే సైట్ అయితే దాని స్టేటస్ పేజీలో పాతబడిన టెంప్లేట్లు ఏవో చూపిస్తుంది, మామూలు థీమ్‌లకు ఆ వసతి లేదు. నేను కాపీ చేసిన ప్రతి ఫైల్ పైన ఏ వెర్షన్ నుంచి తీసుకున్నానో, ఎందుకు తీసుకున్నానో, ఏ తేదీన మార్చానో ఒక వరస రాస్తాను. జీపీఎల్ రెండో వెర్షన్ మార్చిన ఫైళ్లలో మార్చినట్టు తేదీతో సహా రాయమంటుంది, ఆ షరతూ దీంతో తీరిపోతుంది.

మీ థీమ్ బ్లాక్ థీమ్ అయితే, అంటే వర్డ్‌ప్రెస్ 5.9 తర్వాత వచ్చిన సైట్ ఎడిటర్‌తో నడిచే రకం అయితే, పైన చెప్పినదాంట్లో కొంత మారుతుంది. రంగులు, ఫాంట్లు, వెడల్పులు చాలావరకు థీమ్.జేసన్ అనే ఫైల్‌లో ఉంటాయి, చైల్డ్‌లో మీ థీమ్.జేసన్ పెడితే పేరెంట్‌దాని మీద కలుస్తుంది. బాగానే ఉంటుంది. కానీ సైట్ ఎడిటర్‌లో ఎవరు ఏది మార్చి సేవ్ చేసినా అది డేటాబేస్‌లోకి వెళ్తుంది, డేటాబేస్‌లో ఉన్నది ఫైల్‌లో ఉన్నదాని కంటే పైచేయి. క్లయింట్ ఒకరోజు సరదాగా హెడర్‌లో ఒక ఖాళీ తగ్గించి సేవ్ చేశారనుకోండి, ఆ తర్వాత మీరు హెడర్ ఫైల్‌ని ఎన్నిసార్లు అప్‌లోడ్ చేసినా సైట్‌లో ఏమీ మారదు. క్యాష్ (బ్రౌజర్, సర్వర్ దాచుకున్న పాత కాపీ) అనుకుని దాన్ని ఖాళీ చేస్తారు, హోస్టింగ్ వాళ్లతో గొడవ పడతారు. నేను పడ్డాను, తప్పు వాళ్లది కాదు. ఎడిటర్‌లో ఆ టెంప్లేట్ మార్పులను రీసెట్ చేస్తే ఫైల్ మళ్లీ కనిపించింది. ఇప్పుడు ముందే ఒప్పందం: టెంప్లేట్లు ఫైళ్లలో నేను చూసుకుంటాను, పేజీల్లో మాటలూ బొమ్మలూ వాళ్లు చూసుకుంటారు, వాళ్ల లాగిన్‌కి అడ్మిన్ హక్కు బదులు ఎడిటర్ హక్కు. అడ్మిన్ కూడా ఇస్తాను, వేరే లాగిన్‌గా, సైట్ వాళ్లది కదా.

థీమ్‌లో పెట్టకూడనివి ప్లగిన్‌లో, అంటే థీమ్ మారినా నిలిచే విడి కోడ్‌లో పెట్టండి. "మా ప్రాజెక్టులు" అని ఒక కొత్త పోస్ట్ రకం కావాలన్నారనుకోండి, దాన్ని చైల్డ్ ఫంక్షన్స్‌లో రాస్తే రేపు థీమ్ మార్చిన రోజు ఆ సమాచారం మొత్తం డ్యాష్‌బోర్డ్‌లోంచి మాయమవుతుంది. చిన్న ప్లగిన్, ఒకే ఫైల్, చాలు. నా లెక్క: కంటికి కనిపించే తీరు థీమ్, సమాచారం ప్లగిన్.

కొన్నిసార్లు చైల్డ్ థీమ్ సరిపోదు. పేరెంట్‌లో సగానికి పైగా టెంప్లేట్లు కాపీ చేయాల్సి వస్తోందంటే అది ఇక చైల్డ్ కాదు, అప్పుడు నిజాయితీగా ఫోర్క్ చేయండి, అంటే అసలు థీమ్‌ని కాపీ చేసుకుని మీ సొంత థీమ్‌గా నడపండి. పేరూ ఫోల్డర్ పేరూ మార్చండి, పాత కాపీరైట్ వరసల కింద మీది చేర్చండి, గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే పనిముట్టు) అసలు థీమ్‌ని అప్‌స్ట్రీమ్‌గా, అంటే కొత్త మార్పులు తెచ్చుకునే మూలంగా పెట్టుకోండి. పేరు మార్చకపోతే వచ్చే ప్రమాదం ఒకటుంది, వర్డ్‌ప్రెస్ అప్‌డేట్లు ఫోల్డర్ పేరు చూసి వస్తాయి కాబట్టి డైరెక్టరీలో అదే పేరుతో ఉన్న థీమ్ కొత్త వెర్షన్ మీ ఫోర్క్ మీద వచ్చి పడుతుంది. 6.1 నుంచి స్టైల్.సీఎస్ఎస్‌లో 'అప్‌డేట్ యూఆర్ఐ' అనే వరస పెట్టి దీన్ని ఆపొచ్చు. ఫోర్క్ అంటే ఇకపై భద్రతా దిద్దుబాట్లు కూడా మీరే తెచ్చి కలపాలి, అది నెలనెలా చేసే పని, కాబట్టి మెయింటెనెన్స్ ఒప్పందం లేకుండా నేను ఫోర్క్ ఇవ్వను. ఇవ్వాల్సి వస్తే ఆ మాట రాతపూర్వకంగా పెడతాను.

థీమ్ ఎంచుకునేటప్పుడు అందం కంటే ముందు చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చిందో చూడండి, సపోర్ట్ పేజీలో జవాబులు వస్తున్నాయో లేదో చూడండి, కీబోర్డ్ ట్యాబ్ కీతో మెనూ మొత్తం తిరగగలుగుతున్నారో చూడండి. డెమోలో ఉన్న మాటల బదులు క్లయింట్ అసలు మాటలు పెట్టి చూడండి. తెలుగు సైట్ అయితే ఇది మరీ ముఖ్యం, ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేలా పెట్టిన లైన్ హైట్‌లో హెడింగులకు ఒత్తులు తెగిపోతాయి.

ఎస్టిమేట్ ఇచ్చేటప్పుడు "థీమ్ కస్టమైజేషన్" అని ఒక్క ముక్క రాయకండి. ఆ మాటకు క్లయింట్ దృష్టిలో హద్దు లేదు. హెడర్, హోమ్ పేజీ, రెండు లోపలి పేజీ రకాలు, కాంటాక్ట్ ఫారం, ఫోన్‌లో చూసే తీరు, ఇన్ని విడతల సవరణలు అని రాయండి. నేను రెండు విడతల సవరణలు ఇస్తాను, మూడోది గంటల లెక్క. సగం అడ్వాన్స్. చిన్నచిన్న మార్పులే ఎక్కువ సమయం తింటాయి, లోగో కాస్త పెద్దది చేయమంటారు, చేస్తే ఫోన్‌లో మెనూ రెండో వరసకు దిగుతుంది, దాన్ని సర్దితే స్క్రోల్ చేసినప్పుడు అతుక్కునే హెడర్ పాడవుతుంది. ఇది క్లయింట్‌కి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు, మీ ఎస్టిమేట్‌కి తెలిస్తే చాలు.

పేరెంట్‌లో బగ్ దొరికితే దాన్ని చైల్డ్‌లో చుట్టుదారిలో సర్దేసి ఊరుకోకుండా థీమ్ రాసినవాళ్లకి కూడా పంపండి. మంచితనం కోసం కాదు. నేను ఒకసారి మెనూ బగ్ దిద్ది పంపాను, రెండు వెర్షన్ల తర్వాత కలిపేశారు, నేను మూడు సైట్లలో కాపీ చేసి పెట్టుకున్న ఫైల్ తీసేయగలిగాను. మూడు చోట్ల మోసే బరువు తగ్గింది.

మీ విషయంలో ఇప్పుడు చేయాల్సింది, అగ్రిమెంట్‌లో ఆ వాక్యం మార్చమని రేపే మెయిల్ పెట్టండి, సంతకం అయ్యేదాకా కోడ్ మొదలుపెట్టకండి. లైవ్ సైట్ మీద కాకుండా స్టేజింగ్ కాపీ (పరీక్షకు పెట్టుకున్న విడి కాపీ) మీద చేయండి. అన్నట్టు మీరు థీమ్ పేరు రాయలేదు. దాని స్టైల్.సీఎస్ఎస్ పైన ఉన్న లైసెన్స్ వరస ఇక్కడ పెడితే ఫుటర్ లింక్ సంగతి ఊహ మీద కాకుండా చూసి చెప్తాను.